ఓడకు పోయిన తుమ్మచెట్టు

పోయిన ఏడాది మా అమ్మాయికి పడమటి తీరంలోని ఒక చిన్న రేవు ఊరికి బదిలీ అయింది. సామాను సర్దిపెడదామని నేనూ వెంట వెళ్లాను. సాయంత్రం ఒడ్డున నడుస్తుంటే ఇసుకలో దుంగల మీద ఎత్తిపెట్టిన పాత చెక్క ఓడ కనిపించింది. ఎవరో ఉన్నవాళ్లు సరదాగా సముద్రం మీద తిరగడానికి చేయించుకున్నదట. తెరచాపలు కట్టే స్తంభాలు రెండు, వెనకవైపు ఇంజను గది. బాగుచేయడానికి ఒక పక్క పలకలన్నీ ఊడదీశారు. లోపలి పక్కటెముకలు వరసగా బయటపడి ఉన్నాయి. ఒకతను పలకల సందుల్లో దూది దోపుతూ పైన ఏదో పూస్తున్నాడు. చేప నూనె, గుగ్గిలం కలిసిన వాసన. అది ముక్కుకు తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. సముద్రం మొహమే ఎరగని ఊళ్లో, పదకొండేళ్ల వయసులో నేను ఆ వాసన పీల్చాను. ఏమైందమ్మా అని మా అమ్మాయి అడిగితే మోకాళ్ల నొప్పి అని చెప్పాను.

మా ఊరు వజ్రకరూరు దారిలో ఉంటుంది. తొలకరి చినుకు పడిందంటే చాలు, ఎక్కడెక్కడి జనమో సద్దిమూటలు కట్టుకుని వచ్చి చేలల్లో వజ్రాలు వెతికేవాళ్లు. నడుం వంచి, నేల మీద చూపు పెట్టి, మెరిసిన ప్రతి రాయినీ నాలుకతో తడిపి చూసేవాళ్లు. మేమూ వెతికేవాళ్లం. నా లంగా కుచ్చెళ్లలో ఎప్పుడూ నాలుగు పలుగురాళ్లు ఉండేవి. ఎవరికైనా దొరికిందా అంటే, దొరికినవాడు చెప్పడు, దొరకనివాడు నమ్మడు. పక్కింట్లో కొత్త గొళ్లెం బిగించినా ఊళ్లో నాలుగు రోజులు గుసగుసలే.

అట్లాంటి ఊరికి ఆయన పైకి చూసుకుంటూ వచ్చాడు.

అప్పటికి మూడేళ్లుగా వానల్లేవు. ఆ ఎండాకాలం నేను జేజి వెంట మేకలు తోలుకుపోయేదాన్ని. జేజి అంటే మా నాయన తల్లి. చెనిక్కాయ చేను గట్టు మీద మాకొక నల్లతుమ్మ చెట్టు ఉండేది. పెద్ద బండ కింద నుంచి మొలిచి, దాన్ని తప్పించుకోవడానికి పక్కకు వంగి, మళ్లీ పైకి లేచిన చెట్టు. పచ్చగడ్డి లేని రోజుల్లో మేకలు దాని కాయలు తినే బతికేవి. దాని నీడలోనే జేజి సద్ది విప్పేది. రాగి సంగటి, చెనిక్కాయలు నూరిన ఊరిమిండి, ఉల్లిగడ్డ. తుమ్మకాయల వగరు వాసన, మేకల వాసన, రోట్లో నూరిన ఎండుమిరపకాయ ఘాటు కలిసి ఆ నీడకే ఒక వాసన ఉండేది.

ఒకరోజు మేం తింటుండగా ఆయన వచ్చి చెట్టు కింద నిలబడ్డాడు. యాభై దాటి ఉంటాయి. మోకాళ్లదాకా పంచె, భుజాన గోనెసంచి. మమ్మల్ని పలకరించకుండా సంచిలోంచి విల్లులాగా వంగిన సన్నపలక ఒకటి తీసి, ఒక కన్ను మూసి, దాన్ని కొమ్మ వంపుకు ఆనించి చూశాడు. పలక మీద ఏవో అంకెలున్నాయి. ఇంకొకటి తీసి చూశాడు. మూడోది సరిపోయినట్లుంది, చెట్టు బెరడును అరచేత్తో నిమిరాడు. అప్పుడు జేజి వైపు తిరిగి ఈ చెట్టు ఎవరిదని కన్నడంలో అడిగాడు. మా వైపు అందరికీ కన్నడం తెలుసు. ఆయన మాటలు నేను తెలుగులోనే చెబుతాను.

జేజి చెప్పలేదు. ఆయన వెళ్లిపోయాక సంగటి ముద్ద చేతిలోనే పెట్టుకుని, "చెట్టుకు కొలత తీసేవోడు మంచికి తీయడు" అంది.

ఆయన పడమటి తీరం నుంచి వచ్చిన ఓడ మేస్త్రి. మా వీధి చివర బండి తోలే ముస్లిం ఆయన ఉండేవాడు. మేం బండి మామ అనేవాళ్లం. మేస్త్రి ఆ మామ కొట్టంలో దిగాడు. బొంబాయిలో ఎవరో షావుకారు ఓడ చేయించుకుంటున్నాడనీ, దానికి వంకర కొయ్యలు కావాలనీ చెప్పాడు. వినడానికి ఊరంతా కొట్టం ముందుకు చేరింది. పొయ్యి మీద ఆయన ఎండుచేపలు కాలుస్తుంటే ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకున్నారు గానీ ఒక్కరూ కదల్లేదు.

ఎక్కువ ప్రశ్నలడిగింది మా పెద్దనాయన. నాయనకు అన్న. ఇద్దరిదీ ఒకే ఇల్లు, పొయ్యిలు వేరు, చేలు పక్కపక్కనే. ఊళ్లో తగువు వస్తే ఆయన మాటే చెల్లేది.

"సముద్రం యాడుండాది, మనూరు యాడుండాది? కట్టెలు కావాలంటే ఆ పక్క అడవుల్లేవా ఏమప్పా?" అన్నాడు పెద్దనాయన.

మేస్త్రి ఓపిగ్గానే చెప్పాడు. అడుగున వెన్నెముకలాగా పోయే దూలానికి నిటారు కొయ్య కావాలి, అది అడవిలో దొరుకుతుంది. పైన బిగించే పలకలకు టేకు ఉంది. కానీ పక్కటెముకలకు వంపు కావాలి. నిటారు కొయ్యను వంకరగా కోస్తే నార తెగిపోతుంది, కెరటం కొట్టినచోట విరుగుతుంది. వంకరగా పెరిగిన కొయ్యకు నార కూడా వంకరతోనే పోతుంది. నీళ్లు తక్కువ తాగి, ఏళ్లు పట్టి పెరిగిన తుమ్మ అయితే ఇనుముతో సమానం. ఈ ఓడకు తెరచాపలూ ఉంటాయి, ఇంజనూ ఉంటుంది. ఇంజను వణుకుడుకు మేకులు వదులవుతాయి కాబట్టి అది కూర్చునే చోట ఇంకా గట్టి కొయ్య వేయాలి.

తెరచాప ఉంటే ఇంజను ఎందుకని ఎవరో అడిగారు. గాలి లేనప్పుడు అన్నాడు. ఇంజను ఉంటే తెరచాప ఎందుకంటే, ఇంజను ఆగిపోయినప్పుడు అన్నాడు. రెండూ పెట్టుకున్నవాడికి దేని మీదా నమ్మకం లేదన్నమాట అని మా జేజి తేల్చేసింది.

బండి మామ ఒక్కడే ఆయన మాట నమ్మాడు. "నాగలికి మనం ఎట్లా కొమ్మ తెచ్చుకుంటామన్నా? వంకరదే కదా. ఈయనదీ అంతే, ఈయన నాగలి నీళ్లల్లో పోతాది" అన్నాడు పెద్దనాయనతో. పెద్దనాయన తల ఆడించాడు గానీ లేచి వస్తూ నాయనతో వేరే మాట అన్నాడట. నేల చూసేవాడికి ఏం కావాలో మనకు తెలుసు, పైకి చూసేవాడి కన్ను ఎక్కడుందో ఎవరు కనిపెట్టగలరు అని.

రెండు రోజుల తర్వాత మేస్త్రి మా తుమ్మచెట్టు అడిగాడు. నాయన మెతక మనిషి, మాట తక్కువ. ఎద్దులకు గడ్డి లేదు, వాటిని సంతకు తోలాలా వద్దా అని అమ్మా ఆయనా రోజూ తర్జనభర్జన పడుతున్నారు. చెట్టుకు మేస్త్రి ఇస్తానన్నది ఎద్దుల్ని వానలదాకా నిలబెడుతుంది. నాయన సరేనన్నాడు. అప్పుడు మేస్త్రి ఇంకో మాట చెప్పాడు. మొదలు నరికితే చాలదు, వేరుతో సహా కావాలి. మొదలు వేరులోకి తిరిగేచోట మోకాలులాంటి వంపు ఉంటుంది, ఇంజను కింద వేసేది ఆ ముక్కే. కాబట్టి చుట్టూ తవ్వాలి.

తవ్వాలి అన్న మాట పొద్దు వాలకముందే ఊరంతా తిరిగింది. ఇంతకాలం దాచిన మాట ఇప్పుడు బయటపడిందన్నారు. చెట్టూ ఓడా అన్నీ నాటకమనీ, మట్టి కోసమే వచ్చాడనీ అన్నారు. పెద్దనాయన వచ్చి వద్దన్నాడు. నాయన ఇచ్చిన మాట తిప్పనన్నాడు, కావాలంటే గుంత దగ్గర నేనే కూర్చుంటానన్నాడు.

నాకు మాత్రం చెట్టు పోతుందని కోపం. మేకలకు కాయలుండవు, జేజికి నీడ ఉండదు. చెట్టు పడిన రోజు నేను అన్నం ముట్టలేదు. కొమ్మలు పోయి, బండ పక్కన మొద్దు మాత్రం మిగిలితే దాన్ని చూడబుద్ధి కాక మొహం తిప్పుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం నాయన సద్ది తాగడానికి ఇంటికి పోయాడు. బండి మామ ఎద్దుల్ని నీళ్లకు తోలుకుపోయాడు. గుంతలో మేస్త్రి ఒక్కడే కొయ్య చెక్కే బాడిసతో వేరు మీది మట్టి గీకుతున్నాడు. నేను మేకల దగ్గర నుంచి చూస్తున్నాను. వేరులో ఇరుక్కున్న రాయి ఏదో బాడిస అంచుకు తగిలినట్లుంది, ఠంగుమంది. ఆయన వంగి దాన్ని ఊడబెరికాడు. పంచెకు తుడిచి, ఎండకు పట్టి చూశాడు. తర్వాత బాడిస అంచు చూసుకుని, విసుగ్గా రాయిని విసిరేశాడు.

నేను చూసింది ఇంతే.

ఆ సాయంత్రం పెద్దనాయన కూతురు అనంతపురంలో చూసొచ్చిన సినిమా కథ చెబుతోంది. నాకంటే రెండేళ్లు పెద్ద, అక్క అనేదాన్ని. సినిమా హాల్లో గాలి పంకాలు ఉన్నాయంది, సోడా తాగానంది. చెప్పినకొద్దీ చెబుతూనే ఉంది. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. అప్పుడు అన్నాను, మేస్త్రికి గుంతలో రాయి దొరికిందని. ఎండకు పెట్టి చూశాడని. పారేశాడు అనవలసిన చోట, రొంటిన దోపుకున్నాడని అన్నాను. అక్క నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఆ క్షణం నాకు ఎంత బాగుందో ఈ వయసులో కూడా గుర్తుంది.

తెల్లవారి ఎండెక్కేసరికి పెద్దనాయన ఏడెనిమిది మందితో గుంత దగ్గరికి వచ్చాడు. మేస్త్రిని పైకి రమ్మన్నారు. పంచె విప్పించి దులిపారు. ఆయన గోచీతో ఎండలో నిలబడ్డాడు. కోసిన కొయ్య పగలకుండా పూయడానికి ఆయన తెచ్చుకున్న నూనె డబ్బా బోర్లించారు, ఆ చేప నూనె మట్టిలోకి ఇంకిపోయింది. గుగ్గిలం ఉండల్ని రాళ్లతో చితక్కొట్టి చూశారు. చివరికి సన్నపలకల్లో దాచాడేమోనని ఎవరో అంటే, వాటిని ఒక్కొక్కటే మోకాలికి ఆనించి విరిచారు. అంతవరకూ మాట్లాడని మేస్త్రి అప్పుడు ఒక్కసారి, "వాటిని విరవొద్దు స్వామీ, ఓడ అందులోనే ఉంది" అన్నాడు. ఆ మాట విన్నాక ఇంకా అనుమానమొచ్చి అన్నీ విరిచారు.

నాయన అడ్డం పడ్డాడు. మేస్త్రి ముందు నిలబడి, ఎవరు చూశారు, ఎవరు చెప్పారు అని అడిగాడు. పెద్దనాయన చెయ్యెత్తి మేకల మధ్యనున్న నన్ను చూపించాడు.

నాయన నా దగ్గరికి వచ్చాడు. కేకలు వేయలేదు. "చూసినావా పాపా?" అన్నాడు.

అందరూ నన్నే చూస్తున్నారు. మేస్త్రి కూడా. నేను తల ఊపాను.

నాయన ఇంకేమీ అడగలేదు. తిరిగి వెళ్లి మేస్త్రి ముందు కాదు, పక్కకు నిలబడ్డాడు. అది రెండడుగుల దూరం. ఆ రెండడుగులు నేను చూశాను, మేస్త్రీ చూశాడు.

రాయి దొరకలేదు. తర్వాత పెద్దనాయన మెల్లగా నాయన వైపు తిరిగాడు. "వాని దగ్గర లేదంటే యాడికి పోయింది? పొద్దస్తమానం గుంత కాడ కూచున్యోడివి నువ్వే కదప్పా" అన్నాడు. నాయన మొహం నల్లబడింది. జవాబు చెప్పలేదు. చెప్పకపోవడమే తప్పయింది.

విరిగిన పలకలన్నీ ఏరుకుని మేస్త్రి మా కళ్లానికి వచ్చాడు. మూడేళ్లుగా పంట లేని కళ్లం, తుడిచిన పలకలాగా ఉంది. అక్కడ దారమూ, సున్నపుగడ్డా పెట్టుకుని మొత్తం ఓడను నేల మీద గీయడం మొదలుపెట్టాడు. ముందు ఈ చివర నుంచి ఆ చివరకు నిటారు గీత, అది వెన్నెముక. దానికి అటూ ఇటూ వంపులు, ముందు సన్నగా, నడుమ వెడల్పుగా, వెనక మళ్లీ తగ్గుతూ. విరిగిన ముక్కల్ని గీతల మీద పేర్చి, అతకని చోట గుర్తు తెచ్చుకుని గీశాడు. తప్పనిపించినచోట చెరిపేసి, కళ్లు మూసుకుని కూర్చునేవాడు. రెండు రోజులు పట్టింది. నిన్న ఆయన పంచె విప్పించినవాళ్లే కళ్లం చుట్టూ చేతులు కట్టుకుని నిలబడి చూశారు. అంత పెద్దదా అని ఎవరో అన్నారు. గీతల్లోపల ఏమైనా గుర్తులు పెడుతున్నాడేమో చూడండని ఇంకెవరో అన్నారు.

కొత్త పలకలకు చెక్క కావాలంటే జేజి తన గాదె మూత ఊడదీసి ఇచ్చింది. "లోపల గింజ లేదు, మూత ఎందుకు" అంది. అంతకుముందు ఆయన్ను చూస్తే ముడుచుకునే మొహం ఇప్పుడు ముడుచుకోలేదు. నేను చేసింది జేజికి తెలిసిపోయిందేమోనని నాకు భయమేసింది. ఆ రెండు రోజులూ ఎవరు ఎవరితో మాట్లాడినా నా గురించేనేమో అనిపించేది.

దారం రెండో కొస పట్టుకోమని మేస్త్రి నన్నే పిలిచాడు. పట్టుకున్నాను. కొంతసేపటికి, తల ఎత్తకుండానే, "నేను పారేయడం నువ్వు చూశావు" అన్నాడు.

నేను దారం వైపే చూశాను. బిగించి పట్టుకో అన్నాడు, పట్టుకున్నాను, గీత గీశాడు. మా నాయనకు ఎప్పుడు చెబుతాడా అని ఆ సాయంత్రం దాకా కళ్లం వదిలి పోలేదు. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పుడు అర్థం కాలేదు. ఒకవేళ చెప్పినా ఆ ఊళ్లో పిల్ల మాటకు ఉన్న విలువ తన మాటకు లేదని ఆయనకు తెలిసి ఉంటుంది.

బండి మామ ఆ కొయ్యల్ని రైలు స్టేషనుకు తోలుకుపోయాడు. చెక్కిన కొమ్మలు పెద్ద జంతువు ఎముకల్లాగా పేర్చి ఉన్నాయి, పైన ఆ మోకాలు ముక్క. మేస్త్రి నాయనకు ఇవ్వవలసింది ఇచ్చి, దండం పెట్టి, బండి వెనకాల నడిచిపోయాడు. ఈసారి నేల చూస్తూ నడిచాడు.

మా ఎద్దులు నిలిచాయి. దాంతో అసలు గొడవ మొదలైంది. గడ్డి బండి మా వాకిట్లో దిగితే వజ్రం గడ్డి అన్నారు. నన్ను బెళుగుప్ప హైస్కూలుకు పంపితే వజ్రం చదువు అన్నారు. పెద్దనాయన వాటా అడిగాడు. లేనిదానికి వాటా ఏమిటని నాయన అన్నాడు. ఆ సంవత్సరమే ఇంటి నడుమ గోడ లేచింది. మట్టిగోడ, మనిషెత్తు. గోడకు అటువైపు అక్క పెండ్లి వాయిద్యాలు వినిపిస్తుంటే ఇటువైపు మా అమ్మ మామూలుగా సంగటి కెలికింది. ఎన్నోసార్లు నిజం చెబుదామని నాయన ముందుకు వెళ్లాను. ఇప్పుడు చెబితే గోడ కూలుతుందా అనిపించేది. నాకేమవుతుందోనన్న భయమే అసలు కారణం.

పెద్దనాయన పోయినప్పుడు నాయన వీధి మొదట్లో నిలబడి చూశాడు, శవం దగ్గరికి పోలేదు. అప్పటికి నాకు పిల్లలు కూడా పుట్టారు.

ఆ తర్వాత చాలా ఏళ్లకు నాయన కాలు విరిగి మంచాన పడ్డాడు. నేను వారం రోజులు ఉండి చేశాను. ఒక మధ్యాహ్నం అన్నం కలిపి పెడుతూ చెప్పేశాను. రాయి దోపుకోలేదనీ, విసిరేశాడనీ, అక్క సోడా గొప్ప చెప్పుకుంటే నేను అట్లా అన్నాననీ.

నాయన నమలడం ఆపాడు. తర్వాత తన సంగతి చెప్పాడు. మేస్త్రి పోయిన మర్నాడు తెల్లవారక ముందే జల్లెడ తీసుకుని గుంత దగ్గరికి పోయాడట. మూడు రోజులు ఆ మట్టంతా జల్లించాడట.

"నువ్వు చూసినానంటివి. నేను నమ్మకుంటే ఎట్లా?" అన్నాడు.

మేస్త్రి సోదాకు భయపడి మట్టిలోనే దాచిపెట్టి ఉంటాడనుకున్నాడు. మొదటి రోజు నాయన అక్కడికి పోయేసరికి గుంతలోంచి పెద్దనాయన లేచి వస్తున్నాడట, చేతిలో జల్లెడతో. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. నాయనకు ఏమీ దొరకలేదు. కాబట్టి అన్నకు దొరికిందనుకున్నాడు. మరుసటి ఏడు పెద్దనాయన బావికి ఆయిల్ ఇంజను పెట్టించినప్పుడు ఆ అనుమానం గట్టిపడింది. వాటా అడగడం కూడా దొంగే దొంగ దొంగ అని అరిచినట్లుందని అనుకున్నాడు. మా అన్నకు దొరికిందని నలభై ఏళ్లు అనుకున్న్యా అన్నాడు.

నేను ఏడుస్తున్నాను. నాయన ఏడవలేదు, నన్ను తిట్టలేదు. చెయ్యి కడుక్కోమన్నాడు. నీళ్లు తాగించి, మూతి తుడిచి, గిన్నె తీసుకుని లేవబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. గొంతు తగ్గించి, వాకిలి వైపు ఒకసారి చూసి అడిగాడు.

"ఏ పక్కకు పారేసినాడమ్మా?"

గుర్తులేదు నాయనా అన్నాను.

గుర్తుంది. పెద్దనాయన చేనువైపు.